పాతిక వేల రిపోర్టులు

మా నాన్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లో గోడ గడియారం ఉండేది కాదు. అవసరం లేదు. పొద్దున్న ఆరింటి బ్యాచ్ మొదలైందంటే ఆ చప్పుడుకి పక్క వాటాలో చంటిపిల్ల లేచేది, ఆ పిల్ల ఏడుపుకి మేం లేచేవాళ్ళం. అమీర్‌పేట చౌరస్తా నుంచి సంజీవరెడ్డి నగర్ వైపు వెళ్ళే దారిలో, కిరాణా కొట్టు మీద మేడ అది. ముందుగదిలో ఎనిమిది మిషన్లు, వెనకగదిలో మేం నలుగురం. మధ్య తలుపు బదులు అమ్మ పాత చీర.

ఎనిమిదింట్లో ఏడు ఇంగ్లీషు, ఒకటి తెలుగు. తెలుగు మిషను మీద నేర్చుకునేవాళ్ళు అరుదు, దాని మీద ఎప్పుడూ నాన్నే కూర్చునేవాడు. లోయరు, హయ్యరు పరీక్షలొస్తే ఎవరి మిషను వాళ్ళు రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని సెంటరుకి మోసుకుపోవాలి. ఆ రోజు మా గది పెళ్ళివారు వెళ్ళిపోయిన విడిదిలా ఉండేది. ఖాళీ బల్లల మీద బోర్లా పడుకుని నేను హోంవర్కు చేసుకునేవాణ్ణి.

ఫీజులతో ఇల్లు గడవదు. ఇల్లు గడిచింది జాబ్ వర్కు మీద, అందులోనూ ట్రూ కాపీల మీద. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవాడు మార్కుల లిస్టు మక్కీకి మక్కీ టైపు కొట్టించి, గెజిటెడ్ ఆఫీసరు చేత సంతకం, ముద్ర వేయించుకోవాలి. అసలు కాగితంలో తండ్రి పేరు తప్పుంటే మేమూ తప్పే కొట్టాలి. 'దిద్దడం మన పని కాదు' అనేవాడు నాన్న. వయసొచ్చాక తెలిసింది, రోజంతా జనాన్ని దిద్దడం తప్ప ఆయన చేసిన పనేం లేదని.

1983లో చదువుకున్న నిరుద్యోగులకి కేంద్ర ప్రభుత్వం స్వయం ఉపాధి పథకం పెట్టింది. పదో తరగతి పాసై, 18 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉంటే బ్యాంకు పాతిక వేల దాకా అప్పిస్తుంది. అందులో నాలుగో వంతు సబ్సిడీ. దరఖాస్తు జిల్లా పరిశ్రమల కేంద్రానికి పోవాలి, దాంతో పాటు ప్రాజెక్టు రిపోర్టు పోవాలి. ప్రాజెక్టు రిపోర్టు అన్న మాట మా ఇంట్లోకి అలా వచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

బీకే గూడ, ఎర్రగడ్డ గదుల్లో ఉంటూ ఉద్యోగాల వేటలో ఉన్న నల్గొండ, మహబూబ్‌నగర్, మెదక్ కుర్రాళ్ళు మా మెట్లెక్కేవాళ్ళు.

"సార్, గీ లోన్ రిపోర్టు జర మంచిగ కొట్టియ్యుండ్రి."

"దేనికి పెడుతున్నావు బాబూ?"

"దేనికైతే వస్తదో గదే సార్."

నాన్న దగ్గర ఒక నమూనా ఉండేది. యంత్రాలు, ముడిసరుకు, కరెంటు, కూలీలు, మూడు నెలల నిర్వహణ పెట్టుబడి, ఏడాది అమ్మకాలు, చివర బ్రేక్ ఈవెన్ పాయింటు. కొవ్వొత్తులైనా, ఫినాయిలైనా, రెడీమేడ్ బట్టలైనా మొత్తం పాతిక వేలే. లెక్క అడుగున మొదలై పైకి పాకేది. ముందు పాతిక వేలు కొట్టి, తర్వాత దాన్ని అంకెల కింద పంచిపెట్టేవాళ్ళు. నేను చదువుతుంటే నాన్న కొట్టేవాడు. ఒకసారి కొవ్వొత్తుల రిపోర్టులో ముడిసరుకు కింద 'వెదురు పుల్లలు' అని పడింది. అంతకు ముందు రోజు అగరొత్తుల రిపోర్టులోది. తప్పు నాదే. మూడు కార్బన్ కాపీలూ వెళ్ళిపోయాయి. ఆ కుర్రాడికి లోను వచ్చింది, మిఠాయి తెచ్చాడు. నేను తినలేకపోయాను గానీ, ఆ రిపోర్టుల్ని ఎవరూ చదవరన్న సంగతి మాత్రం ఆ వయసులోనే ఖాయం చేసుకున్నాను.

నాన్న మాత్రం చదువుతున్నట్టే కొట్టేవాడు. వాక్యం మధ్యలో చేతులాపి, "నెలకి ఇన్ని కొవ్వొత్తులు ఎవరు కొంటారు?" అని అడిగేవాడు. "మీ ఊళ్ళో కరెంటు ఎన్ని గంటలు పోతుంది? కొట్ల వాళ్ళని అడిగావా?" కొందరు విసుక్కుని వేరే ఇన్‌స్టిట్యూట్‌కి పోయారు. కొందరు వెళ్ళి అడిగి, వారం తర్వాత వేరే వ్యాపారంతో తిరిగొచ్చారు. ఈ సలహాకి ఆయన పైసా తీసుకోలేదు. పేజీకి ఇంత, కార్బన్ కాపీకి ఇంత, అంతే.

ఈ అడగడం ఆయనకి కొంత ఒక కాగితం నుంచి వచ్చింది. యూసఫ్‌గూడలో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ఉంది, అప్పట్లో అందరూ 'సియెట్' అనేవాళ్ళు. 1960లో ఢిల్లీలో పుట్టి, 1962లో ఇక్కడికి వచ్చింది. మా మేడ నుంచి నడిచి వెళ్ళే దూరం. ఆ సంస్థ గురించి సెమినార్ వ్యాసం రాస్తున్న కాలేజీ కుర్రాడొకడు దాన్ని టైపుకి ఇచ్చాడు. అందులో కాకినాడ పేరు కనిపించగానే నాన్న లేచి నిలబడ్డాడు. ఆయనది కాకినాడ పక్క పల్లె.

సంగతేంటంటే, హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్‌కి ఒక ప్రశ్న ఉండేది: వ్యాపారంలో ఏదైనా సాధించాలన్న తపన పుట్టుకతో రావాల్సిందేనా, పెద్దయ్యాక నేర్పించొచ్చా? దాన్ని తేల్చుకోవడానికి 1964లో కాకినాడ వ్యాపారులు 52 మందిని తీసుకొచ్చి యూసఫ్‌గూడ సంస్థలో శిక్షణ ఇచ్చారు. తర్వాత వాళ్ళెలా ఉన్నారో చూస్తే, శిక్షణ లేనివాళ్ళ కంటే ఎక్కువ గంటలు పనిచేస్తూ, కొత్త పెట్టుబడులు పెడుతూ, ఎక్కువ మందికి పనిస్తూ కనిపించారు. అదే కాకినాడ ప్రయోగం.

"మన కాకినాడ కోమట్లకి వ్యాపారం మీద కోరిక పుట్టించడానికి అమెరికా నుంచి రావాలిటే!" అని నాన్న చీర తెర పక్కకి తీసి అమ్మకి చెప్పి మరీ నవ్వాడు. కానీ అందులో ఒక ఆట ఆయనకి పట్టుకుంది. నేలలో పుల్ల పాతి, దాని మీదికి రింగు విసరాలి. ఎంత దూరం నుంచి విసరాలో ఎవరి ఇష్టం వాళ్ళది. కొందరు పుల్ల పక్కనే నిలబడి వేస్తారు, పడితే గొప్పేం లేదు. కొందరు అంత దూరం నుంచి గుడ్డిగా విసురుతారు, పడితే అదృష్టం. వ్యాపారం చెయ్యగలిగేవాడు పడీ పడనంత దూరం చూసుకుని నిలబడతాడు, ఒకటి తప్పితే అడుగు ముందుకో వెనక్కో జరుగుతాడు.

ఇక ఆ రోజు నుంచి కుర్రాళ్ళకి అదే ప్రశ్న. "రింగు ఎక్కణ్ణించి విసురుతున్నావు బాబూ?" వాళ్ళకి అర్థమయ్యేది కాదు. నాకు మాత్రం సిగ్గుగా ఉండేది.

1986 ప్రాంతంలో మా ఎదుటి వరసలో జిరాక్స్ మిషను దిగింది. పేజీ రూపాయి. తెరిచిన మర్నాడు ఊరికే చూడ్డానికి జనం నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. తెల్లటి వెలుతురు అటూ ఇటూ పాకి, వేడి వేడి కాగితం బయటికొచ్చింది. ట్రూ కాపీల పని మూణ్ణెల్లలో సగమైంది. ఫొటో తీసినట్టు వస్తుంటే టైపు ఎవడు కొట్టిస్తాడు?

మనమూ ఒకటి కొందామని నాన్న నిశ్చయించుకున్నాడు. అప్పుడు తేలిన విచిత్రం ఏమిటంటే, తను వందల మందికి రిపోర్టు కొట్టిన ఆ పథకం తనకి వర్తించదు. పది లక్షల జనాభా దాటిన నగరాలని అందులోంచి మినహాయించారు. ఆ షరతుల కాగితాన్ని స్టెన్సిల్ కట్ చేసి, సైక్లోస్టైల్ తీసి పంచింది ఆయనే. మామూలు అప్పుకి వెళ్తే ఒక బ్యాంకు మేనేజరు మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించి, హైదరాబాద్‌లో స్థిరాస్తి ఉన్నవాళ్ళని ఇద్దర్ని జామీనుకి తెమ్మన్నాడు. మాకు తెలిసిన స్థిరాస్తిపరుడు మా ఇంటి ఓనరొక్కడే. ఆయనకి మేం రెండు నెలల అద్దె బాకీ.

అప్పు ఎక్కణ్ణించి వస్తుందో నేను పంజాగుట్టలో చూశాను. నిమ్స్ ఆస్పత్రి గేటు అవతల నాన్న స్నేహితుడిది ఇడ్లీ బండి. రోగులతో వచ్చినవాళ్ళు తెల్లవారకముందే వచ్చి నిలబడేవాళ్ళు. సోమవారాలు ఆయనకి స్టీలు గిన్నెలు చేరేయడానికి వెళ్ళేవాణ్ణి. బండి కింద మేకుకి ఒక అట్ట వేలాడేది, దాని మీద వంద గళ్ళు. డైలీ ఫైనాన్స్ కుర్రాడు సైకిలు దిగకుండానే వంద రూపాయలు తీసుకుని ఒక గడిలో గీత గీసేవాడు. పదివేల అప్పుకి చేతికిచ్చేది ఎనిమిదిన్నర వేలు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. చూడ్డానికి పదిహేను వందలే కదా అనిపిస్తుంది. ఇంటర్‌లో కామర్స్ చేరాక నేను లెక్క కట్టాను. అప్పు తీసుకున్నవాడు రోజూ తీరుస్తూ పోతాడు కాబట్టి సగటున అతని చేతిలో ఉండేది నాలుగు వేల పైచిలుకే. దాని మీద పదిహేను వందలంటే, నెలకి నూటికి పది రూపాయలు దాటింది. ఊళ్ళల్లో మూడు రూపాయల వడ్డీ అంటేనే బుగ్గలు నొక్కుకుంటారు.

ఆ లెక్క తీసుకెళ్ళి చూపించాను. నాన్న కూడా, "ఇది మానుకోరాదా, బ్యాంకుకి పోదాం పద" అన్నాడు. బండాయన పప్పు రుబ్బుతూనే చెప్పాడు.

"మాస్టారూ, వీడు పొద్దున అయిదింటికి కాయితం అడక్కుండా ఇస్తాడు. మీ బ్యాంకు పదింటికి తెరుస్తారు. పదింటికి నా ఇడ్లీలైపోతాయి."

చిన్న వ్యాపారులకి పెట్టుబడి గురించి చాలా ఉపన్యాసాలు విన్నాను. దీనికి సమాధానం చెప్పిన ఉపన్యాసం తక్కువ.

మాకు దిక్కు అమ్మ చీటీ. ఇరవై మంది, నెలకి అయిదు వందలు, ఇరవై నెలలు. మొదటి నెల సొమ్ము నడిపేవాళ్ళది, తర్వాత పాట. ఎవరు ఎక్కువ వదులుకుంటే వాళ్ళకి చీటీ, వదిలిన సొమ్ము ఇరవై మందికీ సమంగా. వాచీలు బాగుచేసే భాయ్, కింద కిరాణా ఆయన, బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర కొబ్బరికాయలమ్మే అత్త, టైలరు, ఇడ్లీ బండాయన, ఇంకా కాలనీ ఆడవాళ్ళు. ఆషాఢంలో ఎల్లమ్మ కల్యాణానికి ముందు పాట గట్టిగా సాగేది. కొబ్బరికాయల అత్తకి సరుకు దించుకోవాలి, ఎంతైనా వదులుకునేది. కల్యాణమైన వారానికి ఆమె ముఖం వెలిగిపోతూ వచ్చి వాయిదా కట్టేది. ఏ పథకమూ ఆమె పంచాంగం చూసి డబ్బివ్వదు.

చీటీని బంగారం చేసి చెప్పను. టైలరు మూడో నెలలో పాడుకుని, ఆరో వాయిదా కట్టి, కొట్టుకి తాళం వేసి వెళ్ళిపోయాడు. మిగతా పద్నాలుగు వాయిదాలూ అమ్మే కట్టింది. ఆమె నల్లపూసలు ఉండగా మంగళసూత్రం గొలుసు మాయమైంది ఆ ఏడే. చీటీల మీద రాష్ట్రంలో 1971 నుంచే చట్టం ఉంది, రిజిస్టరు చెయ్యకుండా నడపకూడదు. అమ్మకి ఆ సంగతి తెలీదు, తెలిసినా ఆగేది కాదు.

1989లో రెండు చీటీలెత్తి, అమ్మ గాజులు కలిపి, సెకండ్‌హ్యాండ్ జిరాక్స్ మిషను తెచ్చారు. మెట్లు ఇరుకు. నలుగురు కూలీలు తాళ్ళతో లాగుతుంటే నాన్న కింద నిలబడి, "జాగ్రత్త, జాగ్రత్త" అంటూ చేతులు గాల్లో పెట్టి, లేని బరువు మోశాడు.

తర్వాతంతా త్వరగా జరిగింది. తొంభైల్లో అమీర్‌పేట కంప్యూటర్ కోచింగుల ఊరైపోయింది. ఒకరి తర్వాత ఒకరు మైత్రీవనం చుట్టూ బోర్డులు కట్టారు, 2000 సంవత్సరం గండం అంటూ కోబాల్ నేర్చుకునేవాళ్ళు వరసలు కట్టారు. మా జిరాక్స్‌కి రాత్రి పదకొండైనా ఖాళీ లేదు, అన్నీ స్పైరల్ బైండింగ్ మెటీరియళ్ళే. మొదటి రెండు క్లాసులూ ఫ్రీ, నచ్చితేనే ఫీజు అనే పద్ధతి ఎవరు కనిపెట్టారో గానీ, అది రింగు ఆట తెలిసినవాడి బుర్ర. టైపు మిషన్లు ఆరు తూకానికి పోయాయి.

ఇప్పుడు ఆ చౌరస్తా మీద మెట్రో, మైత్రీవనం గోడలకి ఫ్లెక్సీలు. మొన్న మా పాత వీధిలో జిరాక్స్ షాపులో నిలబడితే, ఒక అమ్మాయి ముద్ర లోనుకి రిపోర్టు ప్రింటు తీయించుకుంటోంది. 2015లో వచ్చిన పథకం, అందులో శిశు అంటే యాభై వేల దాకా. నమూనా ఫోన్‌లోంచే వచ్చింది. మొత్తం దగ్గర చూశాను. సరిగ్గా యాభై వేలు.

నాన్న పోయాక ట్రంకు పెట్టె సర్దుతుంటే ఒక కార్బన్ కాపీ దొరికింది. 1993 అక్టోబరు 2న ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన మొదలైంది. లక్ష రూపాయల దాకా ప్రాజెక్టు. మొదటి ఏడాది పట్టణాలకే, అంటే ఈసారి మా నగరం లోపలే ఉంది. నాన్న తన పేరు మీద, తెలుగు మిషను మీద, మొదటిసారి తన కోసం రిపోర్టు కొట్టుకున్నాడు: కంప్యూటరు, ప్రింటరు, తెలుగు డీటీపీ. అంకెలు పాతిక వేల నమూనాలోవి కావు, ఒక్కొక్కటీ కొట్టు కొట్టూ తిరిగి అడిగి రాసినవి. మొత్తం గుండ్రంగా రాలేదు, చివర ఏడెనిమిది చిల్లర రూపాయలున్నాయి. వయోపరిమితి అప్పుడూ 35. ఆయనకి 41. వయస్సు ఎదురుగా అంకె కొట్టి, దాని మీద మూడు గుణకారం గుర్తులు గట్టిగా కొట్టాడు. కాగితం చిల్లు పడింది.

వెనక్కి తిప్పితే అమ్మ దస్తూరీ. ఇరవై మంది, రెండేసి వేలు. పదో నెల పాట: వదిలింది 11,000, చేతికి 29,000, అందరూ ఈ నెల 1,450 చొప్పున కట్టవలెను. పాడుకున్నవారు అన్న చోట 'మాస్టారు' అని రాసుంది. కింద, వేరే సిరాతో, 'కంప్యూటరు'.