కొండకు తేలిక బూట్లు

పోయిన ఉగాదికి మా ఇంట్లో జరిగిన పెద్ద చర్చ పచ్చడిలో వేపపువ్వు ఎంత వెయ్యాలన్నది కాదు. నేను వెళ్ళియంగిరి కొండకు ఏ బూట్లు వేసుకుపోవాలన్నది. నాకు అరవై తొమ్మిదేళ్ళు. ఎడమ మోకాలు మెట్లు దిగేటప్పుడు నా మాట వినదు. మా డాక్టరుగారు గుండె, ఊపిరి అన్నీ పరీక్ష చేసి, "ఎక్కండి, కాని బరువు తగ్గించుకోండి" అన్నారు. ఆయన అన్నది ఒంటి బరువు సంగతి. మా ఆవిడ చేతి వంట తింటూ అది జరిగే పని కాదు గనక, కాలి బరువైనా తగ్గిద్దామనుకున్నాను.

కాలి బరువు అనగానే నాకు మా తాతగారి బూట్లే గుర్తుకొస్తాయి. మాది పొళ్ళాచ్చి పక్కన పల్లె. నాయకరాజుల కాలంలో వచ్చి, ఈ నల్లరేగడిలో పత్తి వేసుకుని స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మాదొకటి. ఇంటి వెనక పెరట్లో నిలబడితే ఆనమలై కొండలు కనిపిస్తాయి. తాతకు వాటిని చూస్తూ ఊరకే కూర్చోవడం చేతనయ్యేది కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక పట్టాళం సామాను అమ్మకానికి వచ్చినప్పుడు ఒక జత సిపాయి బూట్లు కొన్నారట. అడుగున ఇనుప మేకులు, మడమకు లాడం. జత రెండు కిలోలకు కాస్త తక్కువ. ఆయన అవి వేసుకుని వసారాలో నడిస్తే ఎడ్లబండి వస్తోందనుకుని కుక్క మొరిగేదని మా అవ్వ నవ్వేది.

తాత వేటకు పోయేవారు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చేదాకా లైసెన్సు తీసుకుని వేటాడడం మామూలే. నీలగిరిలో అయితే దానికి 1879లోనే ఒక చట్టం ఉంది. తాత ఎన్నిసార్లు లైసెన్సుతో పోయారో, ఎన్నిసార్లు అది లేకుండా పోయారో అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఆయన కన్ను వరయాడు మీద. వరై అంటే కొండ చరియ, ఆడు అంటే మేక. మన తమిళనాడు రాష్ట్ర జంతువు అదే. 2024లో లెక్క తీస్తే ఈ రాష్ట్రంలో 1,031 ఉన్నాయని తేలింది. ఒకప్పుడు మా తాతలాంటివాళ్ళు తుపాకులు పట్టుకుని వాటి వెనక పడ్డారంటే ఇప్పుడు చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంటుంది. అయినా జరిగింది జరిగినట్టు చెప్పాలి గదా.

వరయాడు చరియ అంచున నిలబడి కిందికి చూస్తుంది. ఆపద కింది నుంచే వస్తుందని దాని నమ్మకం. అందుకని వేటగాడు కొండ చుట్టూ తిరిగి, దానికంటే పైకెక్కి, పై నుంచి దిగాలి. అంటే ఎక్కవలసినదానికంటే ఎక్కువ ఎక్కాలి, ఆ తరువాత పిల్లిలా దిగాలి. ఇనుప మేకులున్న బూటు రాతిమీద ఒక్కసారి టక్కుమన్నదా, మంద మాయం. తాత ఏళ్ళ తరబడి ఆ టక్కు వల్లనే వట్టి చేతులతో తిరిగొచ్చారు. తప్పు మాత్రం గాలి మీద వేసేవారు.

మా ఊరికి చెప్పులు కుట్టే ఆయన ఒకాయన ఉండేవారు. మీలో చాలామందికి తెలిసిన సంగతే, మన కోయంబత్తూరు ప్రాంతంలో తోలుపని చేసిన అరుంధతీయులలో ఎక్కువమంది ఇంటి భాష తెలుగే. మనం తమిళం కలిపి మాట్లాడే చోట కూడా ఆయన నోట అచ్చమైన తెలుగు మాట వచ్చేది. 1965లో, నాకు పదేళ్ళప్పుడు, తాత బూటుకు మేకులు ఊడాయని పిలిపించారు. ఆయన బూటు చేతిలో పట్టుకుని రెండుసార్లు పైకి కిందికి ఊపి చూశారు.

"సామీ, మీరు కాలితో నడవటం లేదు. కాలిని మోస్తా ఉండారు" అన్నారు.

తాతకు కోపం వస్తుందేమోనని అందరం చూశాం. రాలేదు. "అయితే నువ్వే కుట్టరా" అన్నారు. ఆ "రా"ను గమనించండి. ఆయన తాతకంటే నాలుగైదేళ్ళు పెద్ద.

పొద్దున కొలత తీసుకోనన్నారు. పొద్దుటి కాలు వేరు, సాయంత్రం కాలు వేరు, నడిచి నడిచి కాలు పొంగుతుంది, పొంగిన కాలికే కొలత అన్నారు. పొద్దుగూకే వేళకు వచ్చి, తాతను అరుగు దిగి నిలబడమని, కింద పరిచిన పాత పేపరు మీద బొగ్గుతో రెండు పాదాల చుట్టూ గీశారు. కూర్చుంటే పాదం చిన్నదవుతుందట, నిలబడే తీరాలి. రెండు పాదాలు ఒక్కలా ఉండవు గనక పెద్ద పాదానికే బూటు. బొటనవేలి ముందు ఒక వేలెడు చోటు వదిలారు. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు వేళ్ళు ముందుకు తోసుకొస్తాయి, చోటు లేకపోతే గోళ్ళు నల్లబడి ఊడతాయి అన్నారు. ఈ నాలుగు మాటలూ తరువాత నేను ఎన్నో పుస్తకాలలో చదివాను. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

పైభాగానికి తంగేడు చెక్కతో పదును పెట్టిన మేకతోలు. అడుగుకు పాత జీపు టైరు, బరువు తగ్గేలా పల్చగా చెక్కి. చీలమండ దాకా ఎత్తు, తోలు వారుతో కట్టు. ముందు మూడో వంతు దగ్గర, వేళ్ళు వంగే చోట వంగుతుంది. మధ్యలో వంగదు. మడమ దగ్గర గట్టిగా పట్టుకుంటుంది. తూచి చూస్తే జత కిలో లేదు.

రెండు బూట్లకూ తేడా కాలికి అర కిలో అనుకోండి. అర కిలో ఏమంత అనిపిస్తుంది. కాని ఒక రోజు కొండ నడకకు పదివేల అడుగులు లెక్క వేస్తే, ఎత్తి ఎత్తి దించిన అదనపు బరువు ఐదు టన్నులు! కాలి మీద ఒక పౌను వీపు మీద ఐదు పౌన్లతో సమానమని కొండలెక్కేవాళ్ళు అంటారు. 1953లో హిల్లరీ, టెన్సింగ్‌లను ఎవరెస్టు ఎక్కించిన బృందం కూడా పైమెట్టుకు వేరుగా తేలిక బూట్లు చేయించుకున్నది. ఇక పట్టు సంగతి. 1935లో ఇటలీ కొండలలో ఆరుగురు మిత్రులను పోగొట్టుకున్న బ్రమానీ అనే ఆయన, సరైన బూట్లు లేకే పోయారని బాధపడి, 1937లో లోతైన గాళ్ళున్న రబ్బరు అడుగు తయారు చేశాడు. ఇప్పుడు మనం కొనే కొండ బూట్లన్నీ దాని పిల్లలే. మా ఊళ్ళో జీపు టైరు గాళ్ళతో ఆ పని జరిగిపోయింది.

బూట్లు తెచ్చిన రోజు ఆయనకు కాఫీ ఇచ్చారు. అవ్వ పై నుంచి కొబ్బరి చిప్పలోకి పోసింది. తాత పాదం పట్టుకుని బొటనవేలు నొక్కి చూసిన చేతికి గ్లాసు అందివ్వకూడదు, అదీ మా ఇంటి పద్ధతి. ఆయన పెరటి గోడ పక్కన నిలబడి తాగి, చిప్ప తీసి అవతల వేసి పోయారు. పదేళ్ళ పిల్లవాడికి అందులో వింత ఏమీ కనిపించలేదు. ఆయన పేరు మా ఇంట్లో ఎవరూ పలికింది నాకు గుర్తు లేదు. "వాడు" అంటే సరిపోయేది.

ఆ బూట్లు వేసుకుని పోయి తాత వరయాడుకు ముప్పై అడుగుల దగ్గరకు చేరారట. మాంసం మాత్రం రాలేదు. గురి తప్పిందని అవ్వ, తుపాకీ పేలలేదని మా నైన, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. తాత నోరు విప్పలేదు. వదిలిపెట్టేశారని చెప్పడానికి నాకు మనసొప్పుతుంది గాని, ఆ తరువాత కూడా రెండు మూడుసార్లు పోయారు.

ఇక నా కథ. కోయంబత్తూరులో ఒక పెద్ద కొట్టుకు సాయంత్రం పూటే పోయాను, కొండకు వేసుకునే మందం మేజోళ్ళు జేబులో పెట్టుకుని. అమ్మే అబ్బాయి నీళ్ళు పట్టని బూట్లు చూపించాడు. మన వానకు అవి ఎందుకో నాకు అర్థం కాదు. మన కొండల్లో నీళ్ళు పై నుంచే దిగుతాయి, బూటులోకి వచ్చాక బయటికి పోయే దారి ఉండదు. చలి దేశంలో మంచుకు బాగుంటాయేమో, మనకు త్వరగా ఆరే గుడ్డ బూటు మేలు. వాల్పారై వైపు వానాకాలంలో పోయేవాళ్ళు బూటు కంటే ముందు మోకాలి దాకా వచ్చే జలగ మేజోళ్ళు కొనుక్కోవాలి. ఎంత మంచి బూటైనా జలగకు అడ్డం రాదు. కొట్టులో వాలుగా పెట్టిన పలక ఉంటే దాని మీద దిగి చూడండి, లేకపోతే మెట్లు దిగండి. వేళ్ళు ముందు తగిలితే ఎంత అందంగా ఉన్నా వదిలెయ్యండి.

ఇన్ని తెలిసిన నేను కొనకుండా తిరిగొచ్చాను. ధర విన్నాక ఇంట్లో బీరువాలో ఉన్న జత గుర్తొచ్చింది. మా అక్క కొడుకు ఆరేళ్ళ కిందట అమెరికా నుంచి తెచ్చి ఇచ్చాడు. భద్రంగా ఉండాలని అట్టపెట్టె కూడా విప్పకుండా దాచాను. మా మనవడు వంటింటి త్రాసు మీద పెట్టి "జత వెయ్యి నలభై గ్రాములు, తాతా" అన్నాడు. కాలికి కూడా అతికినట్టుంది. మా ఆవిడ మాత్రం "మా నైన అళగర్ కొండకు వట్టి కాళ్ళతోనే పోయేవారు" అన్నది. ఆమెది మదురై, అక్కడి మనుషులు దేనికీ ఆశ్చర్యపోరు.

పూండి గుడి దగ్గర వెదురు కర్రలు కొనుక్కుని రాత్రి ఎక్కడం మొదలుపెట్టాం. ఏడు కొండల దారి, ఆరువేల అడుగుల ఎత్తు. ఫిబ్రవరి నుంచి మే దాకానే విడుస్తారు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది వట్టి కాళ్ళే. టార్చి వెలుతురులో నా బూట్లు పెళ్ళికొడుకులా మెరిసిపోతుంటే కాస్త గర్వపడ్డాను కూడా.

మూడో కొండ, కైదట్టి సునై దాటకముందే మనవడు, "తాతా, నీ వెనకంతా నల్లగా ఏదో రాలుతోంది" అన్నాడు. కూర్చుని చూస్తే మడమ కింద అడుగు తెరుచుకుని ఉంది. వేలు పెడితే అటుకుల పొడిలా వచ్చేసింది. ఇంకో పది మెట్లకు రెండోదీ అంతే.

తరువాత తెలుసుకున్నాను. తేలిక కోసం ఈ బూట్ల అడుగుకీ పైభాగానికీ మధ్య పాలియురేథేన్ అనే నురుగు రబ్బరు పెడతారు. గాలిలోని తేమ దాన్ని లోపల్నుంచి విడగొడుతుంది. వాడినా వాడకపోయినా ఐదారేళ్ళు దాటితే నమ్మడానికి లేదు, మూసిన పెట్టెలో ఉక్కలో ఉంటే మరీ. కొన్న వస్తువును వాడకుండా దాచడం మన ఇళ్ళలో పొదుపు అనుకుంటాం. ఈ బూట్లకు అదే చావు. కాబట్టి దాచినవి ఉంటే కొండకు ముందు బొటనవేలితో అడుగు గట్టిగా నొక్కి చూడండి. రెండు రోజులు వీధిలో నడవండి. నేను నడవలేదు, మురికి అవుతాయని.

తువ్వాలు చింపి కట్టాను. ఇరవై మెట్లకు ఊడింది. అరవై ఏళ్ళు చెప్పుల్లో పెరిగిన పాదాలు, రాతి మెట్టు మీద పెడితే నా పాదాలు కావేమో అనిపించింది. మనవడు తన మేజోళ్ళు ఇచ్చాడు, నావి, వాడివి రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకుని దిగాం. వాడు దారి పొడుగునా మాట్లాడలేదు. శిఖరం మీద సూర్యోదయం చూడాలని వాడు నెలరోజులుగా ఎదురుచూశాడు. నా పాదాలు కోసుకుపోయిన నొప్పి కంటే అది ఎక్కువ బాధించింది.

వారం తరువాత బూట్లు సంచిలో వేసుకుని టౌన్‌హాల్ వైపు పోయాను. రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చున్న ఒకాయన, నలభై ఏళ్ళుంటాయి, ఫోనులో తెలుగు మాట్లాడుతున్నాడు. నేనూ తెలుగులోనే అడిగాను. బూటు పట్టుకుని రెండుసార్లు పైకి కిందికి ఊపి చూశాడు. నా గుండె ఒక్కసారి ఆగినట్టయింది.

"అతికేది కాదు సామీ, లోపలంతా పిండి. పైభాగం బంగారం. గీకేసి రబ్బరు షీటు వేసి కుట్టనా? కాస్త బరువు పెరుగుతుంది."

ఎంత పెరుగుతుందన్నాను. చేతిలో రబ్బరు ముక్క తూచినట్టు పట్టుకుని, జతకు ఒక నూరు గ్రాములన్నాడు. సరేనన్నాను. కొలత చూడాలి, సాయంత్రం రమ్మన్నాడు. నవ్వొచ్చింది, కళ్ళూ తడిశాయి. పక్క కొట్టు నుంచి రెండు టీలు తెచ్చి ఒకటి ఆయన చేతికిచ్చాను. గ్లాసు పట్టుకుని మామూలుగా తాగాడు. ఆయనకు అందులో విశేషమేమీ లేదు, ఉండాల్సిన పనీ లేదు.

సాయంత్రం పోయి నిలబడితే పేపరు పరిచి పెన్నుతో గీశాడు. పేరు అడిగాను. చెప్పి, "ఎందుకు సామీ?" అన్నాడు.

సామీ వద్దన్నాను.

"సరే అన్నా. ఎడమ కాలు కాస్త ముందుకు పెట్టండి" అన్నాడు.