మానుకోటకు టీవీ

4 సెప్టెంబర్ 2025, గురువారం. జనగామ

పేపర్ మొదటి పేజీ నిండా జీఎస్టీయే. నిన్న రాత్రి కౌన్సిల్ తేల్చిన ప్రకారం 32 అంగుళాలు దాటిన టీవీల మీద పన్ను 28 శాతం నుంచి 18కి దిగుతుంది, ఈ 22 నుంచి. 32, అంతకు లోపువి 2019 జనవరి నుంచే 18లో ఉన్నాయి, వాటికి ఈ కబురుతో పనిలేదు. స్టాఫ్ రూములో అందరిదీ ఒకటే మాట, "పది శాతం తగ్గుతుంది మేడం" అని. లెక్కల టీచర్ని పక్కన పెట్టుకుని ఆ మాట అంటారా! తగ్గేది పది రూపాయలే, కానీ నూట ఇరవై ఎనిమిదిలో. ఎనిమిది శాతం కూడా నిండదు. 29,990 టీవీ 27,650 దగ్గర ఆగాలి. ఎనిమిదో తరగతికి ఈసారి ఇదే లెక్క.

మానుకోటలో అమ్మ దగ్గరున్న 21 అంగుళాల డబ్బా టీవీ ఆకుపచ్చకు తిరిగింది. మనుషులు, చెట్లు అన్నీ ఒకే రంగు. దసరాలోపు మార్చాలి.

14 సెప్టెంబర్, ఆదివారం

స్టేషన్ రోడ్డులో టీవీల షాపుకు పోయొచ్చాను. గోడ నిండా టీవీలు, అన్నింట్లో ఒకటే వీడియో. రంగుల చిలకలు, మంచుకొండలు, చెంచా మీంచి కారే తేనె. ఎవరింట్లో చూస్తారివి? పైగా షాపులో 'వివిడ్' అని ఒక సెట్టింగ్ పెట్టి ఉంచుతారు. ట్యూబులైట్ల కింద అది బాగానే ఉంటుంది, ఇంట్లో అదే వెలుగు కళ్లలో పొడుస్తుంది.

"ఏదన్నా న్యూస్ ఛానల్ పెట్టు బాబూ" అన్నాను. ఆ పిల్లగాడు లోపల్నుంచి కేబుల్ డబ్బా వెతికి తెచ్చి తగిలించేసరికి చాలాసేపు పట్టింది. అడిగినవాళ్లు లేరేమో. కింద స్క్రోలింగ్ నడుస్తోంది. ఒత్తులన్నీ మసక. 'రాష్ట్ర'లో టవత్తూ రవత్తూ కలిసి ఒకటే నల్లమరక. తేనెచుక్కలో ఆకాశం కనబడిన టీవీయే ఇది.

కారణం కష్టమైంది కాదు. మామూలు ఛానల్ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు, మొత్తం 4,14,720. ఫుల్ హెచ్‌డీ 1920, 1080. అంటే ఇరవై లక్షల పైన. 4కే అంటే 3840, 2160. గుణిస్తే 82,94,400, మొదటిదానికి సరిగ్గా ఇరవై రెట్లు. శేషం లేకుండా వచ్చినందుకు కాసేపు సంతోషపడ్డాను. మామూలు ఛానల్ వస్తున్నప్పుడు 4కే టీవీ ఒక్కో చుక్కను ఇరవై చేయాలి, లేనిదాన్ని ఊహించి నింపాలి. ముఖాన్ని బాగానే ఊహిస్తుంది. ఒత్తును ఊహించలేదు.

అమ్మకు కావలసింది ఒత్తే. చెవులు మందగించాక స్క్రోలింగే ఆమె పేపర్. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది, చిన్నక్షరం మాత్రం ఇంకా అలుక్కుపోతుంది. కాబట్టి ఎన్ని 'కే'లు అన్నది తర్వాత. మంచం మీంచి స్క్రోలింగ్ చదవగలదా, లేదా? నా పరీక్ష ఇదొక్కటే.

22 సెప్టెంబర్, సోమవారం

పన్ను తగ్గింది ఈరోజే, సింగరేణి లాభాల వాటా ప్రకటించిందీ ఈరోజే. భూపాలపల్లి నుంచి తమ్ముడి ఫోన్. "అక్కా, 34 శాతం ఇచ్చిండ్రు. అమ్మకు 55 ఇంచులది తీసుకుందాం, పైసలు నేనిస్త." కార్మికులకు మొత్తం 819 కోట్లు, పర్మనెంట్ వాళ్లకు సగటున లక్షా తొంభై అయిదు వేలకు పైనే. అదే బొగ్గు దగ్గర పనిచేసే కాంట్రాక్టు వాళ్లకు 5,500. ఈ రెండో అంకె వాడు ఎత్తలేదు, నేనెత్తాను. "అది యూనియన్లు మాట్లాడాలె అక్కా" అన్నాడు. టీవీ సంగతి అక్కడితో ఆగింది.

28 సెప్టెంబర్, ఆదివారం. భూపాలపల్లి

తమ్ముడి క్వార్టర్‌లో హాలు గోడ సగం టీవీయే. ఆసియా కప్ ఫైనల్, పాకిస్తాన్‌తో. 147 కొట్టాలి, 20కే మూడు వికెట్లు పోయాయి. తర్వాత మన హైదరాబాద్ పిల్లవాడు తిలక్ వర్మ నిలబడ్డాడు, 69 నాటౌట్. ఆ ఆనందం కూడా మాకు ఎంగిలిదే దక్కింది. తమ్ముడు మ్యాచ్ నెట్‌లో పెట్టాడు, పక్క క్వార్టర్‌లో కేబుల్. మా టీవీలో బౌలర్ ఇంకా పరుగెత్తుతుంటేనే గోడవతల సిక్సర్ కేకలు. నెట్‌లో బొమ్మను ముక్కలుగా కోసి, కొన్ని పోగయ్యాక చూపిస్తారు కదా, ఆ ఆలస్యమన్నమాట. మరదలు చివరి ఓవర్లో వంటింటి కిటికీ దగ్గరే నిలబడి ఫలితం ముందే చెప్పేసింది.

నేను తలుపు పక్కన, ఓరగా కూర్చున్నాను. అక్కణ్నుంచి రంగులు వెలిసినట్టున్నాయి, నలుపు బూడిదైంది. సోఫాలోకి మారితే మళ్లీ నిండుగా. వీఏ ప్యానెల్ గుణమే అంత, ఎదురుగా కూర్చున్నవాళ్లకే దాని అందం. ఐపీఎస్ ప్యానెల్‌లో నలుపు కొంచెం పలచన, కానీ ఏ మూల కూర్చున్నా బొమ్మ మారదు. మానుకోటలో సాయంత్రం సీరియల్ వేళకు వాడకట్టు ఆడవాళ్లు వచ్చి ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చుంటారు. అక్కడికి ఐపీఎస్సే. మరి క్యూఎల్‌ఈడీ సంగతేంటని తమ్ముడు అడిగాడు. అదీ ఎల్‌సీడీయే, వెనక లైటు, ముందు రంగుల పొర ఒకటి మెరుగు. అమ్మ చూసే సీరియల్ చీరలకు ఉన్న రంగులే ఎక్కువ.

30 సెప్టెంబర్, మంగళవారం. మానుకోట

సద్దుల బతుకమ్మ. పూలు పేర్చాక టేపు పట్టుకున్నాను. మంచం నుంచి గోడకు ఏడడుగులు. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో ఒక్కో చుక్క అర మిల్లీమీటరు. అయిదున్నర అడుగులు దాటితే మంచి కన్ను కూడా ఆ చుక్కలను విడదీయలేదు. అంటే ఈ గదిలో 43కు 4కే ఉన్నా లేనట్టే. 55 అయితే వెడల్పే నాలుగడుగులు. అమ్మ గోడ వైపు చూసి తేల్చేసింది. "గంత పెద్దది పెడ్తే దేవుని పటాలు ఏడ పెట్టాలె బిడ్డా? మీ నాయిన ఫొటో ఏడ పెట్టాలె?"

నాయిన 1987లో బ్లాక్ అండ్ వైట్ టీవీ తెచ్చింది ఈ గదికే. ఆదివారం రామాయణానికి గుమ్మం దాకా మనుషులు. హిందీ మాటలకు నాయినే తెలుగు చెప్పేవాడు, తెలియనిచోట కల్పించేవాడు కూడా.

12 అక్టోబర్, ఆదివారం. మానుకోట

కొన్నాం. జనగామలో రెండొందలు తక్కువే, కానీ రేపు ఏదన్నా అయితే మెకానిక్కు ఇక్కడివాడు రావాలి. 43 ఫుల్ హెచ్‌డీ కావాలంటే షాపాయన నవ్వాడు. "ఆ సైజులో ఇప్పుడు అన్నీ 4కేలే మేడం." ఒకటి రెండున్నా స్పీకర్లు నాసిరకం. సన్న టీవీల్లో స్పీకర్లు కిందికి తిరిగి ఉంటాయి, మాట గోడకు పోతుంది. చెవి మందమైన మనిషికి బొమ్మ ఎంతో, మాటా అంతే. చివరికి ఐపీఎస్, 20 వాట్ల మోత ఉన్నది 4కేలోనే దొరికింది. 27,400. పైసలు తమ్ముడివి, అంగుళాలు నావి.

కేబుల్ పిల్లగాడు పాత డబ్బానే ఎరుపు, తెలుపు, పసుపు వైర్లతో తగిలించి పోబోయాడు. ఆ పసుపు వైరులో హెచ్‌డీ రాదు. హెచ్‌డీ డబ్బా, హెచ్‌డీఎంఐ వైరు వచ్చేదాకా వాణ్ని కదలనివ్వలేదు. కొత్త టీవీ కొని పాత డబ్బాతో చూసే ఇళ్లు వాడి లైనులోనే ఎన్నో. సీరియళ్లు హెచ్‌డీలో మెరిశాయి. న్యూస్ మాత్రం ఇంకా మసకే, ఆ ఛానళ్లు ఈ డబ్బాలో మామూలువే. అవే ఛానళ్లు యూట్యూబ్‌లో లైవ్ ఇస్తాయని తట్టి పెట్టి చూశాను. 'రాష్ట్ర'లో రెండొత్తులూ వేటికవి!

కొత్త రిమోట్‌కు అంకెలు లేవని అమ్మ చిరాకు. యూట్యూబ్ బటన్ మీద బొట్టుబిళ్ల అంటించాను. మిగతావి ముట్టొద్దని, ఉరిమితే ప్లగ్గూ కేబుల్ వైరూ పీకేయమని చెప్పాను.

29 అక్టోబర్, బుధవారం. జనగామ

మొంథా తుపాను. రాత్రి నుంచి ఎడతెగని వాన. అమ్మ ఫోన్. "రేపు రాకు బిడ్డా. డోర్నకల్ టేషన్ల పట్టాల మీద నీళ్లట. రైళ్లు ఏడియాడ ఆపిండ్రు."

"ఎవరు చెప్పిండ్రే?"

"ఎవ్వలు చెప్పుడేంది, కింద రాస్తుండ్రు గదా."

"ఇంత వానల టీవీ ఎందుకు పెట్టినవ్? ప్లగ్గు తీయమన్న గదా!"

"నువ్వు ఉరిమితె తీయమన్నవ్. ఇది ఉత్త వాననే."