చెవిని బడినది నోటికి వచ్చువఱకు

తెల్లవాఱుజామున మా ఐరాలలో మొదట మేల్కొనునది కోడి కాదు, గుడి మైకు. అందుండి ఎమ్. ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ సుప్రభాతము వినవచ్చును. 1963లో వెలువడిన ఆ రికార్డు ఈ ప్రాంతపు ఆడువారి కెందఱకో పలక పట్టకయే శ్లోకములు నేర్పినది. మా ప్రక్కయింటి పెద్దమ్మ వాకిట కళ్ళాపి చల్లుచు దానితోబాటు తానును చెప్పును. ఒక్కొక్కనాడు నడుమ కరెంటు పోవును. మైకు ఊరకుండును. ఆమె ఊరకుండదు. ముగ్గు ముగియువఱకు శ్లోకము సాగుచునే యుండును.

మాది క్రైస్తవ కుటుంబము. మే మనగా ఈ యింటి కోడండ్ర మిద్దఱము. వ్రాయునది ఒకరైనను అనుభవ మిద్దఱిది గనుక మేమనియే వ్రాయుచున్నాము. ఆ పెద్దమ్మ గొంతు మేము కాపురమునకు వచ్చిననాటినుండి వినుచునే యున్నాము. అందు మేము నేర్చుకొనవలసిన దొకటి కలదని మాత్రము చాలకాలము తోచలేదు.

2021వ సంవత్సరమున, కరోనా వలన చదువులు నిలిచి ఇంట నున్నపుడు, మా పెద్దపిల్లవాడు మా సెల్‌ఫోనులో తెలుగు బైబిలంతయు చదివిన రికార్డులు ఎక్కించి యిచ్చెను. 66 గ్రంథములు, 1189 అధ్యాయములు అరచేతిలో ఇమిడినవి. ఆదివారపు బడి పిల్లలు వచనములు గడగడ అప్పగించుచుండగా పెద్దలమైన మేము తలలు వంచుకొని కూర్చుండుట మాకు చాలనాళ్ళుగా చిన్నతనముగా నుండెను. కాని పుస్తకము పట్టుటకు తీరిక యేది? ఉదయమున ఆవులకు పాలు పితుకుట, పాలకేంద్రమునకు పోసివచ్చుట, పేడ యెత్తుట, సంగటి కెలుకుట, అంట్లు తోముట. విత్తనపు దినములలో గంపలకొలది వేరుసెనగకాయలు ఒలుచుట. మామిడికాయ కోతలప్పుడు తోటకు కూలివాండ్రకు అన్నము మోయుట. చేతులకు పని యున్నది, చెవులకు లేదు. ఆ చెవులనైనను పనికి పెట్టుదమని సంకల్పించితిమి.

మొదట చేసిన తెలివితక్కువ పని యేమనగా, వాన కురిసినట్లు బైబిలంతయు వరుసగా వినుటకు మొదలిడితిమి. పాలు పితుకునప్పటికి ఆదికాండము, అంట్లు తోమునప్పటికి నిర్గమకాండము. నెల తిరిగినది. విన్నామను తృప్తి యేగాని ఒక వచనమైనను నోట నిలువలేదు. పిమ్మట కీర్తనలను చేపట్టితిమి. 121వ కీర్తనకు ఎనిమిదే వచనములు. ఒక్కసారి వినుట ముగియునప్పటికి ఒక బిందె తోముట ముగియును. దానినే మఱల మఱల తిరుగునట్లు పిల్లవాడు అమర్చియిచ్చెను.

ఇందులో ఇంకొక చిక్కు కలదు. క్రొత్తగా మొదలిడువారికి చెప్పవలసినది. మా యింటనున్న పుస్తకము పాత అనువాదము, గ్రాంథికభాషలోనిది. ఫోనులో మొదట నెక్కించినది వాడుకభాషలోని క్రొత్త అనువాదము. వినునది ఒక మాట, పుస్తకమున చూచుకొనునది ఇంకొక మాట. రెండును కలిసి నాలుకమీద చిక్కుపడి ఏదియు రాకపోయెను. ఇంకొక రికార్డులో పలువురు గొంతులు మార్చి నాటకమువలె చదువుచుండిరి, వెనుక సంగీతము. వినుట కింపుగా నుండును, కంఠస్థము చేయుటకు పనికిరాదు. మేళము వినబడునుగాని మాట వినబడదు. ఇంటి పుస్తకమేదో రికార్డును అదియే కావలెను. చదువు గొంతు ఒక్కటియై, మెల్లగా, మేళము లేక యుండవలెను. అట్టిది వెదకి పట్టుకొనుటకే కొన్ని వారములు పట్టినవి.

మా అత్తగారికి అక్షరము రాదు. కాని 23, 103, 121 కీర్తనలు, ఇంకను ఎన్నియో వచనములు ఆమెకు వచ్చును. మాటలాడునపుడు మా సీమ యాసయే. కీర్తన యెత్తుకొన్నచో పండితులు చదివినట్లుండును. ఆమెకు నేర్పినది ఒక బైబిలు స్త్రీ. మిషనుల కాలమునుండి బైబిలు స్త్రీ లనువారు ఇంటింటికి తిరిగి, చదువురాని స్త్రీలకు వచనములు నోటిపాఠముగా చెప్పెడివారు. 1805లో క్రాన్, డెస్ గ్రాంజెస్ అను ఇద్దఱు దొరలు విశాఖపట్టణమునకు వచ్చి, తెలుగు పండితుడైన ఆనందరాయరుగారి తోడ్పాటుతో సువార్తలను తెనిగింప మొదలిడిరి. ఆ సువార్తలలో మూడు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. అచ్చుపుస్తకము రెండువందల యేండ్లనాడే వచ్చినను, మా అత్తగారి వంటివారి యిండ్లకు వాక్యము చేరినది చెవిగుండనే. ఆ బైబిలు స్త్రీ ఒక ముక్క చెప్పి ఊరకుండునట. వీరు దానిని తిరిగి చెప్పినగాని రెండవ ముక్క చెప్పదట. మఱువారము వచ్చినప్పుడు పాతది అప్పగించినగాని క్రొత్తది లేదట.

ఫోను పాడుచుండగా మేము అంట్లు తోముట చూచి ఒకనాడు అత్తగారనిరి: “ఏమ్మా, చెప్తా ఉండేది ఆ డబ్బా గదా. నువ్వేడ చెప్తా ఉండావు?”

మేము నవ్వితిమి. ఆమెకు ఫోను తెలియదనుకొంటిమి. ఎనిమిది వచనములును మాకు వచ్చునని అప్పటికే మాకు గట్టి నమ్మకము. యంత్రము ఒక మాట పలుకుటకు ముందే ఆ మాట మాకు తోచుచుండెను గదా!

2022వ సంవత్సరము నవంబరులో ఒకరాత్రి, వాన ముసురుపట్టియుండగా, అత్తగారికి ఆయాసము హెచ్చినది. 108 వాహనము పిలిపించి చిత్తూరునకు తీసికొనిపోయితిమి. మగవారు మందులకును చీట్లకును తిరుగుచుండిరి. మంచముప్రక్కన మే మిద్దఱమే. అత్తగారు మా చేయి పట్టుకొని, “కొండల కీర్తన చెప్పండి మే, నేను ఇంటాను” అనిరి. ఆమె 121వ కీర్తనను కొండల కీర్తన యనియే పిలుచును.

మొదలిడితిమి. రెండు వచనములు వచ్చినవి. మూడవదానివద్ద నోరు నిలిచిపోయినది. ఆ చోట రావలసిన మాటకు బదులు, ఆ మాట వినబడునపుడు ప్రతిదినము మేము బోర్లించెడి చెంబు కన్నులకు కట్టినది. తోడికోడలివైపు చూచితిమి. ఆమెకు కడపటి వచనము వచ్చెనుగాని నడిమివి రాలేదు. ఫోను ఇంట చార్జింగునకు పెట్టి తొందరలో మఱచివచ్చితిమి. ఏడాదికి పైగా విన్న కీర్తన! ఇద్దఱము కలిసి సగమైనను కూర్చలేకపోతిమి. అత్తగారు ముక్కుమీది మాస్కును ప్రక్కకు తొలగించి, ఊపిరి చాలక ఆగి ఆగి, మూడవ వచనము తామే చెప్పిరి. నర్సమ్మ వచ్చి మాస్కు సరిచేసి పోయెను. ఆమె మఱల తొలగించి నాలుగవది చెప్పిరి. “వద్దత్తా, ఆయాసం ఎక్కువైతాది” అని మేము ఏడ్చుచునే యుంటిమి. రోగికి మేము వినిపింపవలసినది, రోగియే మాకు వినిపించెను. ఆ రాత్రి మాకు కలిగిన సిగ్గు ఇంతంత కాదు.

దేవుని దయవలన ఆమె పదిదినములకు ఇల్లు చేరిరి. మేమును బుద్ధి తెచ్చుకొని, మా జ్ఞాపకము ఏల మోసపుచ్చెనో తెలిసికొనగోరితిమి. పిల్లవాడు చదివి చెప్పిన రెండు సంగతులు ఇచట వ్రాయుదుము. 1975లో గాడెన్, బాడ్లీ అను బ్రిటను శాస్త్రజ్ఞులు, నీట మునుగుట నేర్చినవారికి కొన్ని మాటలను నీటిలోపలను, కొన్నిటిని గట్టుమీదను వినిపించి పరీక్షించిరట. నీట విన్నవి నీటిలోను, గట్టున విన్నవి గట్టుమీదను హెచ్చుగా జ్ఞప్తికి వచ్చెనట. 2021లో వేఱొకరు ఆ పరీక్షనే మఱల చేయగా అట్టి భేదము కనబడలేదట. పండితుల తగవు పండితులు తీర్చుకొందురుగాక. మా చెంబు మాట మాకు తెలియును.

రెండవది మాకు మఱింత పనికివచ్చినది. 2006లో రోడిగర్, కార్పికీ అను అమెరికావారు విద్యార్థుల కొక పాఠమిచ్చి, కొందఱిచే దానినే మఱల చదివించిరి. కొందఱిచే పుస్తకము మూయించి జ్ఞప్తికి వచ్చినంత వ్రాయించిరి. అయిదు నిమిషముల పిమ్మట పరీక్షింపగా మఱల చదివినవారిదే పైచేయి. వారము గడచిన పిమ్మట పరీక్షింపగా పుస్తకము మూసినవారు గెలిచిరి. చదివినవారికి మాత్రము తమకు బాగుగా వచ్చునను నమ్మకము హెచ్చుగా నుండెనట! మేము సరిగా ఆ నమ్మకముతోనే ఆసుపత్రికి పోయితిమి. ఎఱిగిన మాట వినబడగా పోల్చుకొనుట వేఱు, ఏమియు వినబడనపుడు ఆ మాటను మనలోనుండి తోడి తెచ్చుకొనుట వేఱు. ఇంతయు అత్తగారు ఒక్క మాటలో చెప్పియుండిరి. మేము నవ్వితిమి.

ఆనాటినుండి పద్ధతి మార్చితిమి. ఒక దినమునకు ఒక్క వచనమే. పాలు పితుకునపుడు మూడుమార్లు వినుట, ఫోను ఆపుట, ఆవు చెవినిబడునట్లు గట్టిగా చెప్పుట. తప్పినచోట మఱల వినుట. అదే వచనమును పాలకేంద్రమునకు పోవు దారిలో ఫోను ముట్టక చెప్పికొనుట. రాత్రి పడుకొనుటకు ముందు ఒకరికొకరు అప్పగించుకొనుట. మఱునాడు క్రొత్తదానికి పోవుటకు ముందు పాతవన్నియు చెప్పవలెను. ఒక వచనమును ఒక పనికే కట్టివేయక, పొయ్యివద్ద నేర్చినదానిని తోటలోను, తోటలో విన్నదానిని బస్సులోను చెప్పిచూచుచుంటిమి. గడ్డి కోయు యంత్రమువద్దను రోడ్డుమీదను చెవులలో ఏమియు పెట్టుకొనము. వ్రేళ్ళు పోగొట్టుకొని కీర్తన నేర్చుకొనుమని ఏ దేవుడును చెప్పడు.

వరుస తప్పకుండుటకు అత్తగారు ఒక యుపాయము చెప్పిరి. బొటనవ్రేలితో తక్కిన నాలుగు వ్రేళ్ళ కణుపులను లెక్కించినచో చేతికి పండ్రెండు, రెండు చేతులకు ఇరువదినాలుగు. కణుపునకు ఒక వచనము. 103వ కీర్తనలోని ఇరువదిరెండును రెండు చేతులలో ఇమిడి ఇంకను రెండు కణుపులు మిగులును. హెబ్రీభాషలో అక్షరములు ఇరువదిరెండు. 119వ కీర్తనను వ్రాసినవారు అక్షరమునకు ఎనిమిది చొప్పున 176 వచనములను ఆ వరుసననే కూర్చిరి. సామెతల గ్రంథము కడపట గుణవతియైన యిల్లాలిని గూర్చిన ఇరువదిరెండు వచనములును అట్లే అక్షరక్రమమున నున్నవి. కంఠస్థము చేయువారికి అది త్రాడువంటిది. తెలుగులోనికి వచ్చునప్పటికి ఆ త్రాడు తెగినది. అనువాదకుల తప్పు కాదు, అది భాష మాఱినపుడు నిలుచునది కాదు. మాకు కణుపులే త్రాడైనవి.

“అన్నీ ఫోనులో ఉండంగా నేర్చుకొనేది ఎందుకమ్మా?” అని మా చిన్నపిల్ల యడిగినది. మేము వాదింపలేదు. ఆసుపత్రి సంగతి చెప్పితిమి. అప్పటినుండి అదియే పుస్తకము పట్టుకొని మా తప్పులు దిద్దుచున్నది. ఒక్క పొల్లు తప్పినను విడువదు.

121వ కీర్తన పండ్రెండు దినములలో వచ్చినది. ఏడాదికి పైగా రానిది! మొదటిసారి తప్పులేకుండ అప్పగించిననాడు అత్తగారు ఏమియు ననలేదు. తాము తినుచున్న సంగటిలోనుండి చెఱియొక ముద్ద మా చేతులలో పెట్టిరి.

2023లో ఆమెచేత 103వ కీర్తన చెప్పించి మా ఫోనులోనే రికార్డు చేసితిమి. పాటలకును పాఠములకును మాత్రమే ఇట్టి యంత్రములు పుట్టినవనుకొనుట పొరబాటు. ఫోనోగ్రాఫును కనిపెట్టిన ఎడిసను 1878లోనే ఒక పత్రికలో దాని ఉపయోగములు వ్రాయుచు, గ్రుడ్డివారికి పుస్తకములు వినిపించుటను, ఇంటివారి గొంతులను, కడపటి పలుకులను సైతము దాచియుంచుటను పేర్కొనెను. మేము అంత యాలోచించి చేసినది కాదు. ఆమె వసారాలో కూర్చుండి కాయలు ఒలుచుచుండిరి. ప్రక్కన ఫోను పెట్టితిమి. కాయ చిట్లు చప్పుడు, నడుమ నడుమ దగ్గు, దూరమున ఎవరిదో ట్రాక్టరు, అన్నియు అందు పడినవి. పదునాలుగవ వచనము ముగియగానే, “మే, దూడ తెంచుకోనింది, పట్టుకోండి!” అని కేక. మిగిలినది తరువాత చెప్పింతమనుకొంటిమి. ఆ తరువాత రాలేదు. 2024లో మామిడికాయ కోతల దినములలో ఆమె ప్రభువునందు నిద్రించిరి. సమాధివద్ద కొండల కీర్తన మే మిద్దఱము చెప్పితిమి. ఫోను ఇంటనే యుండెను, ఈసారి మఱచి కాదు.

తెల్లవాఱుజామున పాలు పితుకునపుడు ఇప్పుడు మేము వినునది ఆ రికార్డే. పదునాలుగు వచనములు ఆమె చెప్పును. దూడ తెంచుకొనును, ఆమె కేకవేయును, ఫోను ఆగిపోవును. మిగిలిన ఎనిమిదియు మేము చెప్పుదుము. అప్పటికి గోడకావల పెద్దమ్మ ముగ్గు ఇంకను ముగిసియుండదు.