కోఠీ వాకిట ఐలమ్మ

కోఠీ అంటే పెద్ద భవంతి. పుస్తకాలకో, బట్టలకో హైదరాబాదు కోఠీకి వెళ్ళేవారిలో, ఆ పేటకు పేరిచ్చిన భవంతిని లోపలికి వెళ్ళి చూసినవారు తక్కువే. అందుకే ఈ టపా.

ఇంగ్లండులో ప్రభువర్గీయులు పల్లెపట్టుల్లో కట్టుకొన్న సౌధాలకు ఒక తీరు ఉంది. విశాలమైన తోట, మెట్ల వరుస, ఎత్తైన స్తంభాలు. ఆ తీరును మూసీ ఒడ్డుకు తెచ్చినవాడు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. నిజాము కొలువులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు. 1803 ప్రాంతంలో పని మొదలైంది. ముందువైపు ఆరు కొరింథియన్ స్తంభాలు, వాకిట రెండు సింహాలు. స్థలం కోసం పెద్ద పటం చూపితే నిజాం అలీఖాన్ కాదన్నాడనీ, అదే పటాన్ని చిన్న చీటీమీద గీసి చూపితే సరేనన్నాడనీ ఒక కథ. కథ మాటెలా ఉన్నా, ఖర్చు నిజాము ఖజానాది. ఆ ఖజానా నిండేది రైతు శిస్తుతో.

కిర్క్‌పాట్రిక్ ఖైరున్నీసా అనే హైదరాబాదు కులీన కన్యను పెళ్ళాడాడు. ఆమె కోసం రంగమహలు కట్టించాడు. 1805లో బిడ్డలిద్దరినీ ఇంగ్లండుకు పంపారు. ఆ ఏడే ఆయన కలకత్తాలో కన్నుమూశాడు. ఆ తల్లి మళ్ళీ బిడ్డల ముఖం చూడలేదు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ తమ అనుచరులతో దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదనే. 1860లో రంగమహలును కూల్చివేశారు.

1949లో ఈ సౌధం మహిళా కళాశాలకు నెలవైంది. 2022లో ఆ కళాశాల విశ్వవిద్యాలయమైంది. 2024లో ప్రభుత్వం దానికి చాకలి ఐలమ్మ పేరు ప్రకటించింది.

మాది పాలకీడు. మా పాత నల్లగొండ జిల్లా పల్లెల్లో భవంతి అంటే దొర గడీయే. గడీ అంటే వెట్టి. పాలకుర్తిలో కౌలుకు చేసి పండించిన పంటను విసునూరు దేశముఖు కాజేయబోతే, సంఘం అండతో ఎదురు నిలిచిన తల్లి ఐలమ్మ. అటువంటి ఆమె పేరు శిస్తు సొమ్ముతో లేచిన సౌధానికి చేరడం నాకు న్యాయంగానే తోచింది.

పరాయి పాలన గుర్తులకు మరమ్మతులెందుకని కొందరంటారు. వారి బాధ నాకు తెలుసు. అయినా గోడ కూలితే, దానికి సొమ్మిచ్చిందెవరో చెప్పే సాక్ష్యం కూడా కూలుతుంది. అయితే ద్వారం మీద పేరు మార్చినంత మాత్రాన చాలదు. అక్కడ చదివే ఆడపిల్లలకు ఖైరున్నీసా కన్నీరూ తెలియాలి, ఐలమ్మ తెగువా తెలియాలి. ఆ రెండింటి నడుమ, పేరు లేకుండా శిస్తు కట్టిన మన తాతముత్తాతలూ గుర్తుకు రావాలి.