ఏక్‌బాల్‌పూర్ వాన, హల్దియా ట్యాంకు

కోల్‌కతా మహానగరానికి నైరుతి దిశలో, ఖిదిర్‌పూర్ రేవుకు కూతవేటు దూరంలో ఉన్న పాత పేట ఏక్‌బాల్‌పూర్. ఒక ప్రక్క డైమండ్ హార్బర్ రోడ్డు, మరొక ప్రక్క 1892లో తెరచిన రేవు. తూర్పుగా కొంచెం దూరం నడిస్తే అలీపూర్ జంతుప్రదర్శనశాల, వాతావరణ కేంద్రం. కాళీఘాట్ అమ్మవారిని, విక్టోరియా స్మారక భవనాన్ని దర్శించి తిరుగు రైలెక్కే మనవారిలో ఇటువైపు వచ్చేవారు అరుదు. మేమూ చూడాలని రాలేదు. హల్దియాలో పని ఉండి వెళ్తూ, రెండు రాత్రుల బసకు ఇక్కడ చోటు దొరికినందువల్ల వచ్చాము.

వచ్చినది శీతకాలంలో. అయినా అక్కడివారి మాటలన్నీ వాన చుట్టూనే తిరిగాయి. 2025 సెప్టెంబరు 23న, దేవీ నవరాత్రుల తొలి దినాలలో, అలీపూర్ వాతావరణ కేంద్రం 24 గంటలలో 251.4 మిల్లీమీటర్ల వర్షాన్ని నమోదు చేసింది. అందులో అధికభాగం తెల్లవారుజామున కొద్ది గంటలలోనే కురిసింది. నగరంలో పలువురు నీటిలో విద్యుదాఘాతానికి గురై మరణించారు. మృతులలో ఏక్‌బాల్‌పూర్ వాసి కూడా ఉన్నారు. మట్టి ముంతలో టీ అందించిన దుకాణదారు గోడ మీది చారికను చూపించి, నీరు ఎంతవరకు వచ్చినదీ చెప్పాడు. “నీరు పోదామంటే దారి ఏదండీ? గంగలో పోటు వస్తే తలుపులు మూసేస్తారు” అన్నాడు.

ఆ మాట మాకు బాగా గుర్తుండిపోయింది. హుగ్లీ నదికి ఇక్కడ సముద్రపు ఆటుపోటులు ఉన్నాయి. పోటు వేళ మురుగు కాలువల తలుపులు తెరచి ఉంచితే నది ఊరిలోకి వస్తుంది. మూసి ఉంచితే వాననీరు ఊరిలోనే నిలుస్తుంది. చమురు ట్యాంకుల వద్ద పనిచేసేవారికి ఈ చిక్కు కొత్త కాదు.

మరునాడు ఉదయం, 1992లో ప్రారంభమైన విద్యాసాగర్ సేతువు మీదుగా హుగ్లీ దాటి, కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిని చూసుకొంటూ హల్దియా చేరుకొన్నాము. దారి గురించి చెప్పవలసినది ఎక్కువ లేదు, లారీలు తప్ప. హల్దీ నది హుగ్లీలో కలిసే చోట వెలసిన ఈ పారిశ్రామిక పట్టణంలో 1975 నుండి చమురు శుద్ధి కర్మాగారం పనిచేస్తున్నది. అనుమతి పొంది ఒక ముడి చమురు ట్యాంకు మెట్లెక్కాము.

పైకి చేరి లోపలికి తొంగిచూస్తే, ట్యాంకులో చమురు కనబడుతుందనుకొన్న మాతోటి యువకుడికి నిరాశే మిగిలింది. అట్టడుగున, పెద్ద బావిలో పరచిన ఇనుప చాపలాగా, పైకప్పు కనబడింది. ఆనాడు నిల్వ తక్కువ, అందువల్ల కప్పు కూడా క్రిందనే ఉంది. చమురు పెరిగితే అది పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. బిందెలో నీటి మీద తేలే పళ్ళెం వంటిదన్నమాట.

ఇంత ప్రయాస ఎందుకని ఇంటివారు అడగవచ్చు. మూత వదులైన డబ్బాలో కర్పూరం ఏమవుతుందో వారికి తెలిసినదే. స్థిరమైన కప్పు గల ట్యాంకులో చమురుకూ కప్పుకూ నడుమ ఖాళీ ఉంటుంది. పగటి ఎండకు అక్కడి ఆవిరి వ్యాకోచించి బయటకు పోతుంది, రాత్రి చల్లబడగానే బయటి గాలి లోపలికి వస్తుంది. ఈ ఉచ్ఛ్వాస నిశ్వాసాలలో సరుకు నష్టం, అగ్ని భయం రెండూ ఉన్నాయి. కప్పే చమురు మీద తేలితే ఆ ఖాళీయే దాదాపు ఉండదు. అమెరికాలో 1920లలో ఈ పద్ధతి రూపుదిద్దుకొంది.

కప్పు అంచు చుట్టూ గాలి నిండిన పెట్టెల వలయం ఉంటుంది. వీటిని పాంటూన్లు అంటారు. కోల్‌కతాకు ఈ మాట పాతదే. 1874లో బ్రాడ్‌ఫర్డ్ లెస్లీ హుగ్లీపై నిర్మించిన వంతెన పాంటూన్లపై తేలినదే. 1943లో నేటి హౌరా వంతెన తెరచేవరకు నగరం దానిపైనే నడిచింది. ఒక పెట్టెకు చిల్లి పడినా మిగిలినవి మోయాలి. అందుకే వాటి నడుమ అడ్డుగోడలు. కప్పు అంచుకూ ట్యాంకు గోడకూ నడుమ సుమారు జానెడు సందును సీలు మూసి ఉంచుతుంది.

ఇక వాన సంగతి. ఆకాశానికి తెరచి ఉన్న ఈ కప్పు మీద పడిన ప్రతి చుక్కా అక్కడే నిలుస్తుంది. దానిని తొలగించడానికి కప్పు మధ్య గుంట నుండి ఒక గొట్టం చమురు లోపలి నుండే క్రిందికి దిగి, ట్యాంకు అడుగున గోడ దాటి బయటకు వస్తుంది. అక్కడ ఒక వాల్వు. కప్పుతోపాటు వంగుతూ లేస్తూ ఉండే ఆ గొట్టానికి ఎక్కడైనా చిల్లి పడితే, తెరచిన వాల్వు గుండా వాననీటికి బదులు చమురు బయటపడుతుంది. మూసి ఉంచితే కప్పు మీద చెరువు తయారవుతుంది.

80 మీటర్ల వ్యాసం గల ట్యాంకును తీసుకొందాం. కప్పు వైశాల్యం సుమారు 5,000 చదరపు మీటర్లు. అలీపూర్‌లో కురిసిన ఆ ఒక్కనాటి వాన దానిపై పడితే సుమారు 1,260 టన్నుల నీరు. కప్పు నడుమ రేకు మందం 5 మిల్లీమీటర్లే. చదరపు మీటరుకు 40 కిలోల బరువైనా లేని రేకు మీద 250 కిలోల నీరు! ప్రపంచమంతటా అనుసరించే ఏపీఐ 650 ప్రమాణం, డ్రెయిన్ పనిచేయకపోయినా 24 గంటలలో 250 మిల్లీమీటర్ల వానను ఇటువంటి కప్పు తట్టుకోవాలని నిర్దేశిస్తుంది. అలీపూర్ లెక్క దానిని ఒకటిన్నర మిల్లీమీటరు దాటింది. 1978 సెప్టెంబరులో ఈ నగరంలోనే ఒక్కరోజున 369.6 మిల్లీమీటర్లు కురిసింది. ప్రమాణం కనీస హద్దు మాత్రమే, వాన దానిని చదువుకొని రాదు.

2001 జూన్‌లో అమెరికాలోని నార్కో వద్ద జరిగినది ఇదే. తుఫాను వానకు 82 మీటర్ల పెట్రోలు ట్యాంకు పైకప్పు కొంత మునిగింది. బయటపడిన పెట్రోలు మీద పిడుగు పడింది. మంటలు సుమారు 13 గంటలు మండాయి. 2017లో హార్వీ తుఫానుకు హ్యూస్టన్ ప్రాంతంలో పలు ట్యాంకుల కప్పులు మునిగాయి.

హల్దియాలో మాకు వాల్వు చూపిన సీనియరు ఆపరేటరు ఇవేవీ ఏకరువు పెట్టలేదు. మామూలు రోజులలో తాను దానిని మూసి ఉంచుతాననీ, మబ్బు పట్టగానే తానే వచ్చి తెరచి, బయటకు వచ్చేది నీరేనని చూసి, వాసన చూసి నిర్ధారించుకొన్నాకనే కదులుతాననీ చెప్పాడు.

“రాత్రి వేళ పెద్ద వాన వస్తే?” అని అడిగాము.

“టార్చి, రెయిన్‌కోటు కంట్రోల్ రూములో తలుపు ప్రక్కనే వ్రేలాడుతుంటాయి. వాన తగ్గాక వెళ్దామంటే కుదరదు కదా సార్. వాన పడుతుండగానే వెళ్ళాలి” అన్నాడు. తరువాత గుంట దగ్గర చిక్కుకొన్న ఎండుటాకులను ఎవరు తీశారని తన సహాయకుణ్ణి అడుగుతూ, మెట్లవైపు నడిచాడు.