పేరొకటే, చేపలు వేరు

పేరు లేనిదే బేరం లేదు, మాట లేదు, జ్ఞాపకం లేదు. అందుకే మనిషి తన కంటబడిన ప్రతిదానికీ ఒక పేరు పెట్టుకొన్నాడు. అయితే జనం పెట్టిన పేరు పైకి కనిపించే పోలికను పట్టుకొంటుంది గాని, పుట్టుపూర్వోత్తరాలను విచారించదు. చందువా చేపే ఇందుకు నిదర్శనం.

తెలుగు తీరంలోని రేవుల్లో తెల్ల చందువా, నల్ల చందువా అని రెండు చేపలు దొరుకుతాయి. రెండూ పళ్లెంలా గుండ్రంగా, పలుచగా ఉంటాయి. చూపరులు వాటిని అన్నదమ్ములనుకోవడం సహజం. కాని నల్ల చందువా పార చేపల కుటుంబానికి చెందినది. తోక మొదట ఉండే గట్టి పొలుసులు ఆ బంధుత్వాన్ని పట్టి ఇస్తాయి. ఈ పోలిక పండితులను సైతం ఏమార్చింది. 1795లో జర్మన్ శాస్త్రవేత్త బ్లోఖ్, తెల్ల చందువా ఆనాడు ఉన్న 'స్ట్రొమేటియస్' ప్రజాతిలోనే దీనినీ చేర్చాడు. తరువాతి వారు వేరుచేసి 'పారాస్ట్రొమేటియస్' అన్నారు. స్ట్రొమేటియస్‌కు చేరువైనదని ఆ మాటకు అర్థం.

మూడవది రూప్‌చంద్. ఇది సముద్రం ఎరుగదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదులు దీని పుట్టినిల్లు. పిరానా దీనికి దగ్గరి చుట్టం. గట్టి గింజలను నలగగొట్టే పళ్లు దీనికి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో పెరిగి అంగడికి చేరేసరికి ఇదీ 'పాంఫ్రెట్' అనిపించుకొంటుంది.

ఈ ఉమ్మడి పేరు వేడుకకు మాత్రమే కారణం కాదు. కొనేవారు చెరువు చేపకు సముద్రపు చేప వెల చెల్లించవచ్చు. అంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉంది. రేవు లెక్కల్లో అన్నిటినీ 'చందువా' అనే ఒక్క పద్దు కింద రాస్తే, ఒక జాతి తరిగిపోతున్నా మరొక జాతి ఆ లోటును కప్పివేస్తుంది. మొత్తం తగ్గలేదు గదా అని అందరూ నిశ్చింతగా ఉంటారు. వేరే పేరు లేని జాతి కనుమరుగైనా గుర్తించేవారుండరు.

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో జంతువులన్నిటికీ రెండు పదాల పేర్లు పెట్టే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఆ పద్ధతిలో తెల్ల చందువా 'పాంపస్ అర్జెంటియస్', నల్లది 'పారాస్ట్రొమేటియస్ నైజర్', రూప్‌చంద్ 'పియారాక్టస్ బ్రాకిపోమస్'. నోరు తిరగని పేర్లే. అయినా ఏ దేశపు రేవులోనైనా ఒక్కొక్క పేరు ఒక్కొక్క చేపనే సూచిస్తుంది.

అంతమాత్రాన జనం మాటను తక్కువ చేయరాదు. లాటిన్ పేరు ఎరుగని జాలరి కూడా తెల్ల, నల్ల అనే చిన్న విశేషణాలతో ఆ భేదాన్ని నిలుపుకొన్నాడు. ఆ విశేషణాన్ని విడిచిపెట్టేది సంతలో తొందరపడే మనమే.