జంషెడ్‌పూర్‌లో లోహపాఠాలు

ఉక్కునగర వాసులమైన మాకు జంషెడ్‌పూర్ వెళ్ళడమంటే పెద్దల ఇంటికి వెళ్ళిరావడం వంటిదే. సువర్ణరేఖ, ఖర్కాయీ నదుల సంగమాన వెలసిన ఈ నగరం నేడు జార్ఖండ్ రాష్ట్రంలో ఉన్నది. పూర్వం ఇది సాక్చీ అనే పల్లె. 1907లో టాటా వారి ఉక్కు సంస్థ ఏర్పడగా, 1912 ఫిబ్రవరిలో ఇచట తొలి ఉక్కు దిమ్మె రూపొందినది. 1919లో జంషెట్‌జీ టాటా స్మృత్యర్థం నగరానికి ఈ పేరు వచ్చినది. 1950 నవంబరు 26న నెహ్రూగారు ప్రారంభించిన జాతీయ లోహశోధనశాల కూడా ఇక్కడే ఉన్నది. బిష్టుపూర్‌లో తెలుగువారి రామమందిరం వద్ద మన భాష చెవిన పడగానే మా ప్రయాణపు బడలిక సగం తీరినది.

అయితే ఈ నేలకు ఇనుము కర్మాగారంతో రాలేదు. ఛోటానాగ్‌పూర్ పీఠభూమిలోని అసురులు తరతరాలుగా మట్టి కొలిమిలో ఖనిజాన్ని, కట్టెబొగ్గును పేర్చి, తిత్తులతో గాలి ఊది ఇనుము తీసేవారు. ఇనుము కరగడానికి 1538 డిగ్రీల వేడి కావాలి. వారి కొలిమిలో అంత వేడి పుట్టదు. అందువల్ల ఇనుము కరగక స్పంజు వంటి ముద్దగా వచ్చేది. దానిని సుత్తితో మోది చిట్టెమును వెలికి తీసేవారు. ఎప్పుడు మోదాలో, ఎప్పుడు ఆపాలో కంటికి, చేతికి తెలియవలసినదే. మన నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు వండినవారిదీ అటువంటి విద్యే.

1921లోనే సాంకేతిక విద్యాలయం నెలకొన్న ఈ ఊరిలో మేము పిల్లలను వెంటబెట్టుకొని ఒక శిక్షణ కర్మశాల చూడబోయాము. మొదటి గదిలో కుర్రవారు ఇనుప ముక్కను వైసులో బిగించి ఆకురాయితో రుద్దుతున్నారు. మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తే ఏ సందునా కాంతి దూరకూడదు. పక్కన గ్రైండింగ్ చక్రం తిరుగుతున్నది. కర్బనం తక్కువైన ఉక్కు రవ్వలు పొడవైన గీతలుగా సాగాయి. కర్బనం హెచ్చిన ఉక్కు రవ్వలు చిట్లి పువ్వులవలె విచ్చుకొన్నాయి. కాల్చి నీట ముంచిన ఉలి పెళుసుగా ఉంటుంది. దానిని మళ్ళీ మెల్లగా వేడిచేస్తే సుమారు 230 డిగ్రీల వద్ద గడ్డిరంగు, 300 వద్ద నీలిరంగు తేలుతుంది. ఆ రంగులను బట్టి ఎక్కడ ఆపాలో పనివాడు నిర్ణయిస్తాడు.

రెండవ గదిలో కంప్యూటరు ఆజ్ఞలతో నడిచే యంత్రాలు, త్రీడీ ప్రింటరు ఉన్నాయి. మా పిల్లల కళ్ళన్నీ అటే. శిక్షకుడు ఒకే బొమ్మ నుండి, ఒకే ప్లాస్టిక్‌తో రెండు కొక్కేలు అచ్చువేయించి చూపారు. నిలువుగా అచ్చువేసినది కొద్ది బరువుకే పొరల మధ్య విరిగినది. పడుకోబెట్టి అచ్చువేసినది అదే బరువును మోసినది. తెరపై మాత్రం రెండూ ఒక్కటే!

ఈ పాఠం రోలింగ్ మిల్లు ఎరిగిన మనకు కొత్త కాదు. రోలింగ్ దిశకు సమాంతరంగా పలకను మడిస్తే పగులు త్వరగా వస్తుంది. అడ్డంగా మడిస్తే తట్టుకొంటుంది. యంత్రం మారినా పదార్థానికి తన స్వభావం ఉంటుంది. 2002లో మహారాష్ట్రలోని పాబల్ గ్రామంలో విజ్ఞాన ఆశ్రమం వారు డిజిటల్ యంత్రాల ప్రయోగశాల నెలకొల్పినదీ చేసి నేర్చుకోవాలనే ఆశయంతోనే.

కంప్యూటరు ఆకారాన్ని చెప్పగలదు. ఆ ఆకారాన్ని ఉక్కు ఎంతవరకు ఓర్చుకుంటుందో చేసిచూసినవానికే బాగా తెలుస్తుంది. మన తరంవారు ఒక్కొక్కరుగా పదవీవిరమణ చేస్తున్నారు. ధ్వనిని బట్టి, రంగును బట్టి లోహాన్ని గుర్తించే నేర్పు వారితోనే గేటు దాటిపోరాదు. మన పిల్లలకు కంప్యూటరు తప్పక నేర్పుదాము. దానితోపాటు ఒక ఆకురాయి, ఒక ఇనుప ముక్క కూడా చేతికిద్దాము.